కోరంగికి పోటు చూసుకుని రండి

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతికి అందరూ వస్తున్నారని, పిల్లలకి కోరంగి మడ అడవి చూపించాలని మెసేజ్ పెట్టావు. ఫోన్లో అయిదు నిమిషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. సైన్సు టీచరుగా ఏటా ఒక బ్యాచ్ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళినదాన్ని. కాస్త పాఠంలా వినిపిస్తే ఓర్చుకో.

మొదట ఏ రోజు వెళ్ళాలన్న సంగతి. పండగ మూడు రోజులూ వద్దు. కార్తీకంలో వనభోజనాల ఆదివారం ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, స్పీకర్లతో సహా. పుష్య బహుళ అమావాస్య కూడా వద్దు. చొల్లంగి అమావాస్య స్నానాలకి జనం పోటెత్తేది ఆ కాకినాడ–యానాం రోడ్డు మీదే. కనుమ వెళ్ళాక మామూలు పనిదినం ఒకటి చూసుకో. కాకినాడ నుంచి 20 కిలోమీటర్ల లోపే, కాబట్టి తెల్లారి బయల్దేరినా తొందర పడక్కర్లేదు.

రోజు ఎలాగూ మీ సెలవుల్ని బట్టే కుదరాలి. వేళ మాత్రం పోటును బట్టి పెట్టుకో. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీరూ మంచినీరూ కలగలిసిన బురదలో పెరిగిన అడవి అది. రోజుకు రెండుసార్లు నీళ్ళు ఎక్కుతాయి, అది పోటు. రెండుసార్లు దిగిపోతాయి, అది ఆటు. దిగినప్పుడు వెళ్తే బురదా, వేళ్ళూ, వాటి మధ్య తిరిగే జీవాలూ కనిపిస్తాయి గానీ కాలవల్లో పడవ కదలదు. నిండు పోటులో వెళ్తే పడవ హాయిగా పోతుంది, చూడాల్సినవి సగం నీళ్ళ కింద ఉంటాయి. అందుకని ఆటు చివర్లో చేరుకుని ముందు చెక్క బాట మీద నడవండి. నీళ్ళు ఎక్కడం మొదలయ్యాక పడవ ఎక్కండి. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి కిందటి వారం వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పిన టైము మీకు పనికిరాదు. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది. మీ అమ్మ దగ్గర పంచాంగం ఉంటుందిగా, తిథి చూడు.

ఇదంతా నాకు ముందే తెలుసనుకోకు. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలతో కాలవలో లోపలికి వెళ్ళాం. పడవ నడిపే అతను "నీళ్ళు లాగేస్తున్నాయమ్మా, తిరిగిపోదాం" అంటూనే ఉన్నాడు. ఇంకో మలుపు, ఇంకో మలుపు అని నేనే వినలేదు. పడవ వెళ్ళి బురదకి ఆనుకుని కూర్చుంది. దాదాపు రెండు గంటలు. పులిహోర పొట్లాలన్నీ ఒడ్డున వ్యాన్లో. పిల్లల తల్లిదండ్రులకి ఏం చెప్పాలా అని నాకు ఒకటే టెన్షన్. పిల్లలకి మాత్రం ఆకలి కూడా గుర్తు లేదు. పడవకి మూరెడు దూరంలో చేపలు బురద మీద నడుస్తున్నాయి. ఆ చేప వేలంత ఉంటుంది, కళ్ళు కప్పకిలాగా నెత్తిన ఉంటాయి. ముందు రెక్కలు మోచేతుల్లా ఆనించి ముందుకి జరుగుతుంది, ఉన్నట్టుండి తోకతో తన్ని గెంతుతుంది. మధ్యమధ్య ఒక కన్ను లోపలికి లాక్కుని తడి చేసుకుని మళ్ళీ పైకి తీస్తుంది. ఒంటి మీద తడి ఆరనంతసేపూ చర్మంతోనే ఊపిరి తీసుకోగలదు. పక్కనే పీతలు, మగవాటికి ఒక డెక్క ఒంటి మీద మోయలేనంత పెద్దది. దాన్ని ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తాయి. ఒక పిల్లాడు "టీచర్, టాటా చెప్తోంది" అన్నాడు. ఆ ఏడాది పరీక్షలో ఆ పాఠం ఎవరూ తప్పు రాయలేదు.

బాట మీద నడిచేటప్పుడు పిల్లల్ని కిందకి చూడమను. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు లేచి కనిపించేవి మడచెట్ల వేళ్ళే. బురదలో గాలి ఆడదు కాబట్టి ఊపిరికోసం పైకి వస్తాయి. ఉప్పుపొన్న చెట్టయితే ఇంకో తమాషా, విత్తనం కొమ్మ మీదే మొలకెత్తి ములక్కాడలా వేలాడుతుంది. అది రాలి బురదలో దిగబడితే అక్కడే చెట్టు, నీళ్ళలో పడితే ఎక్కడికో ప్రయాణం.

ఒక్క చెట్టు దగ్గర జాగ్రత్త. తిల్ల అంటారు, ముదురాకులు ఎర్రబడి అందంగా ఉంటాయి, పిల్లలు తెంపబోతారు. తెంపితే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే భరించలేరు. నేను చేతికంటిన పాలు తుడుచుకోకుండా కన్ను నులుముకున్నాను, ఆ సాయంత్రమంతా గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. అందుకే ఏ కొమ్మా విరవొద్దని ముందే చెప్పు.

పొడుగు చేతుల బట్టలు వేయించు, దోమలు బాగా కుడతాయి. కొత్త బూట్లు వద్దు. బైనాక్యులర్ ఎవరిదైనా దొరికితే తెచ్చుకోండి, చలికాలం కాబట్టి వలస పిట్టలు ఉంటాయి. నీటికుక్కలు కనబడాలంటే ఉదయమే, అదీ మీరు నోరు మూసుకుంటేనే. నీ సంగతి నాకు తెలుసు గనక చెప్తున్నాను, ఆ రెండు గంటలు ఆఫీసు ఫోన్లు ఎత్తకు.

పడవలో కూర్చున్నప్పుడు పిల్లలకి కోరంగి ఊరి కథ చెప్పు. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839లో మళ్ళీ ఒకసారి తుఫాను ఉప్పెన ఊరిని తుడిచిపెట్టేసింది. అయినా పేరు పోలేదు, రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. ఇక 1978లో 235 చదరపు కిలోమీటర్లకి పైగా అభయారణ్యం చేశారు కాబట్టి మన కాలానికి ఈ చెట్లు మిగిలాయి. సముద్రం ఊరి మీదకి వచ్చినప్పుడు ముందు దెబ్బ కాసేవి అవే.

పెద్దాడు బావురుపిల్లిని చూడాలంటున్నాడని కోడలు చెప్పింది. చేపల కోసం నీళ్ళలోకి దిగే పిల్లి, ముందుకాళ్ళ వేళ్ళ మధ్య కొంచెం పొర కూడా ఉంటుంది. ఆశ పెట్టకు. అది రాత్రి తిరిగే జంతువు, ఇన్నేళ్ళలో నేనే చూడలేదు. ఒకే ఒకసారి ఆటు పోయిన బురదలో దాని అడుగులు చూపించాడు పడవ అతను. మేం చూస్తుండగానే పోటు నీరొచ్చి కప్పేసింది.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఫోన్ చెయ్యి, పడవల దగ్గర పోటు వేళ కనుక్కుని చెప్తాను. భోజనం మన ఇంట్లోనే, దారిలో హోటళ్ళలో తినకండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. పులిహోర ఈసారి పడవలోకే తీసుకెళ్ళండి. ఆకులూ కవర్లూ మాత్రం వెనక్కి తెచ్చెయ్యండి.