ఆ చెక్కు కథ ఎవరు చెప్పారు?

తమ్ముడూ,

మోడ్‌లు, రాకర్లు అని 1960ల్లో ఇంగ్లండ్‌లో ఒకరితో ఒకరు పడని రెండు కుర్రకారు గుంపుల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది. కానీ 1964లో ఇంగ్లండ్ సముద్రతీరాల్లో జరిగిన గొడవల దగ్గరికి వచ్చేసరికి నీ గొంతు పోయి, అప్పటి పేపర్ల గొంతు వినిపించింది.

ఒక సంగతి చెబుతా విను. ఆ ఏడాది ఆ గొడవలు జరిగిన ఊళ్లలో ఒకటైన మార్గేట్ కోర్టులో ఒక కుర్రాడికి 75 పౌండ్లు జరిమానా వేశారు. చెక్కు రాసిస్తానన్నాడు. ఇంకేముంది, చూశారా వీళ్ల డబ్బు పొగరు అని పేపర్లు ఎత్తుకున్నాయి. జనం కూడా చాలాకాలం ఆ కథే చెప్పుకున్నారు. తీరా చూస్తే ఆ అబ్బాయి దగ్గర 75 పౌండ్లే కాదు, బ్యాంకు ఖాతా కూడా లేదు. జన్మలో చెక్కు మీద సంతకం పెట్టలేదని మూడు రోజుల తర్వాత తనే ఒప్పుకున్నాడు. బింకానికి అన్న మాట! ఈ గొడవల మీద పరిశోధన చేసిన స్టాన్లీ కోహెన్ ఇదంతా రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. నీ నాలుగో పేరాలో 'డబ్బు చేసిన కుర్రాళ్లు' అని ఉంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూసుకో.

పేపర్లు పారేయమనడం లేదు. పెద్దవాళ్లు దేన్ని చూసి హడలిపోయారో వాటిలో దొరుకుతుంది. పిల్లలు ఏం చేశారో తెలియాలంటే వాళ్ల చేతిరాత చూడాలి.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో జరిగిన పార్టీనే తీసుకో. హిప్‌హాప్ పుట్టిన రోజంటూ అందరూ డీజే కూల్ హెర్క్ పేరే చెబుతారు. ఆ పార్టీ పెట్టింది అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్, స్కూలు తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని. చేత్తో రాసిన ఆహ్వానం మీద ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. ఒక చిన్న కార్డు ఎంత చెబుతోందో చూడు. ఇలాంటి కుర్రకారు చరిత్రల్లో ఆడపిల్లలు ఏమయ్యారని ఏంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ అనే ఇద్దరు పరిశోధకులు 1970ల్లోనే అడిగారు. నీ వ్యాసంలో ఒక్క అమ్మాయీ లేదు.

కరపత్రాల మీద తరచూ ఏడాది ఉండదు. వచ్చే వారం పార్టీకి ఏడాదెవరు రాస్తారు? వారం, తేదీ ఉంటే చాలు. 'శనివారం, ఆగస్టు 11' అని ఉందనుకో, అది 1973 కావచ్చు, 1979 కావచ్చు, 1984 కావచ్చు. 1976 మాత్రం కాదు, ఆ ఏడాది ఆ తేదీ శనివారం పడలేదు. మిగిలింది బ్యాండ్ పేరో, టికెట్ ధరో తేలుస్తుంది. మనుషుల జ్ఞాపకాన్ని మాత్రం దీనికి నమ్మకు. ఒకాయన గట్టిగా చెప్పాడని ఒక కచేరీకి నేను ఏడాది అచ్చేయించాను. తర్వాత ఆయన అటకమీదే టికెట్ దొరికింది. రెండేళ్లు తేడా. అబద్ధమాడలేదు పాపం, ఆ రెండేళ్లూ ఆయనకు ఒకటే వేసవిలా గుర్తున్నాయి.

ఇలా దొరికినవాటిని దాచుకోవడం కూడా నేర్చుకో. చిరిగిన పత్రికకు సెల్లోటేప్ వెయ్యకు. నేను వేసి పాడుచేశాను, జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగింది. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసెయ్. క్యాసెట్లను ఎప్పుడో చేద్దాంలే అనుకోకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించు, ఒక్క చోటే దాచకు. 2015 వరకు జనం పెట్టుకున్న పాటలు పోయాయని మైస్పేస్ అనే వెబ్‌సైటు 2019లో చల్లగా చెప్పింది. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, వాళ్లకెలా వచ్చిందన్నది ఆ రోజే రాసుకో.

ఇంకొకటి. ఫొటోలో పదిహేడేళ్లకు జుట్టంతా ముళ్లలా నిలబెట్టుకున్న అమ్మాయికి ఇప్పుడు మనవలు ఉండొచ్చు. అచ్చేసే ముందు అడుగు. వద్దంటే మానెయ్, ఎంత మంచి ఫొటో అయినా సరే.

నాలుగో పేరా మార్చి పంపు. ఈసారి ప్రతి వాక్యం పక్కన అది నీకు ఎవరు చెప్పారో పెన్సిల్‌తో రాసి ఉండాలి.

నీ అన్నయ్య