ఫిలిప్ కె. డిక్ గురించి రాసేముందు

అమ్మలూ,

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఫిలిప్ కె. డిక్ ప్రభావం మీద వ్యాసం రాస్తానన్నావు, సంతోషం. "ఈనాటి లోకాన్ని ఆయన ఆనాడే ఊహించాడు" అని మాత్రం మొదలుపెట్టకు. 1969లో వచ్చిన ఆయన నవల 'యూబిక్' కథ 1992లో జరుగుతుంది. అందులో జనం చంద్రుడి మీదికి వెళ్లొస్తుంటారు, ఎదుటివాళ్ల మనసు చదివేవాళ్లు ఉద్యోగాలు చేస్తుంటారు. జోస్యం కింద లెక్కేస్తే సున్నా మార్కులే.

అదే నవలలో తలుపు సీన్ ఉంది, అది రెండుసార్లు చదువు. జో చిప్ తన ఫ్లాట్‌లోంచి బయటికి వెళ్లాలి. ఐదు సెంట్లు వేస్తే తప్ప తెరుచుకోనంటుంది తలుపు. జేబులో చిల్లర లేదు. నేనిచ్చేది టిప్పేగానీ బాకీ కాదని వాదిస్తాడు. కొనుగోలు ఒప్పందం చూసుకోమంటుంది. తీసి చూస్తే తలుపు మాటే నిజం! వంటింటి కత్తి తెచ్చి బోల్టు మరలు విప్పుతుంటే, నీ మీద కేసు వేస్తానంటుంది. కొన్న వస్తువుకే నెలనెలా చందా కడుతున్న మనకు ఇది చదువుతుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఆయన పట్టుకున్నది యంత్రాన్ని కాదు, దాని ముందు చిల్లర లేక నిలబడ్డ మనిషి అవస్థని.

సినిమాలు చూసి నవలలు చదివేశాననుకోకు. 'బ్లేడ్ రన్నర్'కు మూలమైన 1968 నాటి నవలలో యుద్ధం తర్వాత జంతువులు దాదాపు అంతరించిపోయాయి. బతికున్న జంతువును పెంచుకోవడమే పరువు. కథానాయకుడు డెకార్డ్ మేడ మీద ఉన్నదేమో కరెంటు గొర్రె, పక్కింటివాళ్లకు తెలియకుండా నెట్టుకొస్తుంటాడు. సినిమా ఆ గొర్రెను వదిలేసింది. వానలో మెరిసే ఆ నగరాన్ని మాత్రం తర్వాతివాళ్లు తెగ కాపీ కొట్టారు. ఆయన ప్రభావం అంటూ చెప్పేదాంట్లో ఏది ఆయనది, ఏది దర్శకుడిదో విడదీసి చూపించు. ఆ సినిమా విడుదల 1982 జూన్‌లో, డిక్ పోయింది అదే ఏడు మార్చిలో.

లోపాలు దాచకు. డబ్బు కోసం ఆదరాబాదరాగా రాసిన పుస్తకాలు బోలెడు, వాక్యం చాలాచోట్ల గరుకే. స్త్రీ పాత్రల విషయంలో నాకైతే ఇప్పటికీ చిరాకే.

ఆయన చివరి రోజుల నవల 'వాలిస్' జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు చిన్న కథలు చదువు, 'మైనారిటీ రిపోర్ట్' 1956 నాటిదే. డ్రాఫ్ట్ అయ్యాక పంపు. 'ప్రవక్త' అన్న మాట కనిపిస్తే ఎర్ర పెన్ను తీస్తాను.

మావయ్య