ఓనరు మార్పు అడిగితే అక్కడికక్కడే సరే అనకండి

పని సగంలో ఉండగా ఓనరు ప్లాన్ మార్చమంటున్నారు, మొదటి సైటు, ఏం చెయ్యాలో తెలియట్లేదు అని రాశారు కదా. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ షెడ్డు కట్టించినప్పుడు నాకూ ఇదే జరిగింది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. అప్పటికి జీడిపప్పు పొట్టు తీసే పీలింగ్ హాలు వైపు ఫుటింగులు (స్తంభాల కింద పునాది దిమ్మెలు), కాలమ్స్ అయిపోయాయి, గోడౌన్ వైపు ఇంకా గోతులు తీయలేదు. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరిచెట్లు నేలకూలి, చుట్టుపక్కల షెడ్ల రేకులు లేచిపోవడం చూసి వచ్చిన మా ఓనరుగారు "రేకులొద్దు బాబూ, మొత్తం స్లాబ్ వేసేద్దాం, ఎంతవుద్దేటి?" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే.

అంతకు నెల ముందు ఒక కిటికీ తీసి షట్టర్ పెట్టమంటే టీ తాగుతూ "అలాగేనండీ" అనేశాను, తర్వాత బిల్లులో ఆ డబ్బు చూసి ఆయన ఒప్పుకోలేదు, ఆ గొడవతో రెండు వారాలు సరిగ్గా నిద్రపట్టలేదు. అందుకని ఈసారి రెండు రోజులు గడువు అడిగి, ముందు మేస్త్రికి ఫోన్ చేసి పని ఆపించాను. ఇది మర్చిపోకండి, మనం మాట్లాడుకుంటూ ఉండగానే అక్కడ కాంక్రీట్ పోసేస్తారు.

తర్వాత డిజైన్ ఇంజనీరు దగ్గర కూర్చున్నాం. ఐదంగుళాల స్లాబ్ చదరపు మీటరుకి 300 కిలోల పైనే ఉంటుంది, ఇనుప రేకు ఐదారు కిలోలు, రేకుల లెక్కన వేసిన ఫుటింగుల మీద అంత బరువు పెట్టలేం. కాబట్టి గోడౌన్‌కి మాత్రం ఫుటింగులు పెంచి స్లాబ్, హాలుకి రేకులే గానీ పర్లిన్లు (రేకుల్ని మోసే అడ్డకమ్మీలు) దగ్గర దగ్గరగా వేసి బోల్టులు ఎక్కువ కొట్టాలని తేల్చాం.

అదంతా ఒకే కాగితం మీద రాశాను: ఏం మారుతోంది, ఎన్ని రోజులు ఎక్కువ, ఎంత ఖర్చు, ఎవరు భరిస్తారు, మార్చకపోతే ఏమవుతుంది. డబ్బు కంటే రోజుల దగ్గరే ఆయన ఎక్కువసేపు ఆగారు, ఎందుకంటే వేసవిలో కొత్త జీడిపిక్కల కాలానికి షెడ్డు చేతికి రావాలి. ఆ రాత్రి తమ్ముడితో మాట్లాడుకుని పొద్దున్నే వచ్చి సంతకం పెట్టారు. ఆ కాగితం చేతిలోకి వచ్చాకే గోతులు తీయమని మేస్త్రికి చెప్పాను.