బియ్యంలోకి జింకు చేరాలంటే

ప్రశ్న: శ్రీకాకుళం సన్నాలు వేశాం. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లాం. తినే బియ్యంలోనూ జింకు పెరుగుతుందా?
– ఓ రైతు, నరసన్నపేట

జవాబు: దమ్ములో వేసింది పైరుకే ఎక్కువ మేలు, గింజలోకి చేరేది కొద్దే. పూత అయ్యాక, గింజ పాలుపోసుకునేటప్పుడు ఆకులపై కొట్టండి. ఎకరాకు 200 లీటర్ల నీటికి కిలో జింక్ సల్ఫేట్, అరకిలో సున్నం. సున్నం వేయకపోతే ఆకుల కొసలు మాడతాయి. సున్నాన్ని ముందు రాత్రే నానబెట్టి తేట మాత్రమే పోయండి, మడ్డి పోస్తే నాజిల్ మూసుకుపోతుంది. డీఏపీ ద్రావణంతో కలిపితే జింకు విరిగి అడుక్కు దిగుతుంది, అదంతా దండగే. పొద్దు వాలాక కొట్టడం మంచిది. మిల్లులో తెల్లగా పట్టించకండి. కొంత జింకు తవుడుతోనే పోతుంది. వచ్చే ఖరీఫ్‌కు విత్తనమే మార్చాలనుకుంటే, గింజలో జింకు ఎక్కువుండే వరి రకం, 2016లో విడుదలైన డీఆర్ఆర్ ధాన్ 45 ఉంది.