ఇంట్లో ప్లైవుడ్‌తో చేసుకున్న క్యాంపింగ్ ట్రైలర్‌ని బండికి కట్టుకుని రోడ్డు మీద పోవచ్చా?

ప్రశ్న: వకీలు సార్‌కి నమస్తే. మాది అనంతపురం. మా నాయన వడ్రంగి, నేను ప్రైవేటు ఉద్యోగం చేస్తాను. ఇద్దరం ఎనిమిది నెలలు ఆదివారాలన్నీ కూర్చుని ప్లైవుడ్‌తో చిన్న క్యాంపింగ్ ట్రైలర్ చేసినాము. బయటి దేశాల్లో దీన్ని టియర్‌డ్రాప్ అంటారు, నీటిబొట్టును పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది, లోపల ఇద్దరు పడుకోవచ్చు, వెనక మూత పైకెత్తితే వంటగట్టు. పాత జీపు ఇరుసు, కమాన్ కట్టలు వేసి కింద ఫ్రేము వెల్డింగ్ చేయించినాము. బొలెరోకి వెనక హుక్ పెట్టించి గండికోటకు పోతావుంటే దారిలో పోలీసులు ఆపి ట్రైలర్‌కి ఆర్సీ ఏదని చలానా రాసినారు, ఇంకోసారి కనపడితే సీజ్ చేస్తామన్నారు. ఇంజినే లేనిదానికి రిజిస్ట్రేషన్ ఏంది సార్? 750 కేజీల లోపుంటే అక్కర్లేదని వీడియోల్లో చెప్తారు, మాది అంత బరువు కూడా లేదు. మా మామ తన పాత ట్రాక్టర్ ట్రైలర్ ఆర్సీ ఇస్తానంటున్నాడు, ఆ నంబరు వేసుకోవచ్చా?

జవాబు: మీరు పంపిన ఫోటోలు నాలుగైదు సార్లు చూసినానప్పా. పైన గుండ్రంగా తిరిగే చోట సన్న ప్లైకి తడి గోనెపట్టా కప్పి నానబెట్టి, లోపలి చట్టాల మీద కొంచెం కొంచెంగా బిగించుకుంటా వంచినామని రాసినారు కదా, ఆ వంపులో ఒక్క చీలిక కూడా కనపడలేదు, మీ నాయన చేతిపని అట్లాంటిది. ఇంత కష్టపడినాక దాన్ని రోడ్డు మీదికి తీయొద్దని రాయాలంటే నాకూ బాధగానే ఉంది, అయినా రాయాల్సిందే, ఎందుకంటే మీరు చలానాకు భయపడుతున్నారు, నేను భయపడేది వేరేదానికి. అది తర్వాత చెప్తా, ముందు మీరడిగినవి.

ఇంజిన్ లేకపోయినా ట్రైలర్ మోటారు వాహనమే. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2 లో 28వ క్లాజు మోటారు వాహనం అంటే ఏందో చెప్తూ అందులో ట్రైలర్‌ని కూడా పేరు పెట్టి కలిపింది, 46వ క్లాజులో మోటారు బండి లాగేది గానీ లాగడానికని చేసింది గానీ ట్రైలర్ అని ఉంది. ఇనుముతో చేసినారా ప్లైవుడ్‌తో చేసినారా, శెనక్కాయలు వేసుకుంటారా పరుపు వేసుకుంటారా అనేది చట్టం అడగదు. ఇక సెక్షన్ 39 ప్రకారం ఏ మోటారు వాహనమైనా రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదు, ఓనరు నడపనివ్వకూడదు. మన ఊర్లల్లో ట్రాక్టర్లు చూడండి, ఇంజిన్‌కి ఒక నంబరు, ట్రైలర్‌కి ఒక నంబరు ఉంటాయి, రెండు ఆర్సీలు. మీ దానికీ అదే లెక్క. సెక్షన్ 61 ఇంకొంచెం వివరంగా చెప్తుంది, ట్రైలర్ సొంత నంబరు దాని పక్కన రాయాల, లాగే బండి నంబరు కూడా ట్రైలర్ మీద కనపడాల, ఎందుకంటే ట్రైలర్ కట్టినాక బొలెరో వెనక ప్లేటు ఎవరికీ కనపడదు.

750 కేజీల మాట ఉత్తదేమీ కాదు, కాకపోతే అది మన దేశానిది కాదు. బ్రిటన్‌లో సొంత వాడకానికి పెట్టుకునే చిన్న ట్రైలర్‌కి వేరే రిజిస్ట్రేషన్ ఉండదు, లాగే కారు నంబరే వెనక రాసుకుంటారు, ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకుండా లాగాలంటే 750 కేజీలు హద్దు. అమెరికాలో రాష్ట్రానికో రూలు, 1930ల నుంచే అక్కడ జనం పత్రికల్లో వచ్చిన ప్లాన్లు చూసుకుని ఇంటి వెనక షెడ్లలో ఈ టియర్‌డ్రాప్‌లు చేసుకుంటున్నారు, చాలా రాష్ట్రాల్లో ఇంట్లో చేసిన ట్రైలర్‌ని చెక్ చేసి నంబరు ఇచ్చే పద్ధతి ఉంది. వీడియోలో ఆయన చెప్పింది ఆయన దేశానికి నిజమే. దాన్ని పట్టుకుని మనం తాడిపత్రి రోడ్డు ఎక్కితే కుదరదు.

సరే, మరి ఆర్టీఏ ఆఫీసుకు పోయి రిజిస్ట్రేషన్ చేయించుకుంటానంటారేమో. అక్కడే చిక్కు. 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 47వ రూలు ఏమేం కాగితాలు పెట్టాలో చెప్తుంది, ఫారం 20 దరఖాస్తు, దాంతో పాటు అమ్మినవాళ్లిచ్చే ఫారం 21 సేల్ సర్టిఫికెట్, తయారు చేసిన కంపెనీ ఇచ్చే ఫారం 22, అంటే ఈ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని రాసిచ్చే కాగితం, ఇన్సూరెన్సు, అడ్రస్ ప్రూఫ్, ఇవి కాక ట్రైలర్‌కి మాత్రం ప్రత్యేకంగా ఇంకొకటి, దాని డిజైన్‌కి రవాణా శాఖ ఇచ్చిన అప్రూవల్ కాపీ. మీ చేతిలో వీటిల్లో అడ్రస్ ప్రూఫ్ ఒక్కటే ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎంత మంచివాడైనా, మీ పనిని చూసి ఎంత మెచ్చుకున్నా, ఈ కాగితాలు లేకుండా ఆయన నంబరు ఇవ్వలేడు. డిజైన్‌ని టెస్టుకి పంపి పాస్ చేయించుకునే దారి ఉంది, పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి సంస్థలు ఆ పని చేస్తాయి, కానీ అది వందల బండ్లు అమ్ముకునే కంపెనీలు పెట్టుకునే ఖర్చు, ఒక్క బండి కోసం మీరు పెట్టుకోమని నేను చెప్పను.

మీ మామ చెప్పిన దారి మాత్రం అస్సలు వద్దు. ఆయన మంచికే చెప్తున్నాడు, కాదనను. కానీ ఆ ఆర్సీ ఆ ట్రైలర్ ఛాసిస్ నంబరుకు కట్టి ఉంటుంది, ఆ నంబరు మీ ఫ్రేము మీద పంచ్ కొట్టించినారంటే ఇంతవరకు రిజిస్ట్రేషన్ లేని బండి కేసు కాస్తా ఫోర్జరీ, మోసం కేసు అవుతుంది, అప్పుడు మీరొక్కరే కాదు, ఆయనా మీ పక్కన నిలబడాల్సి వస్తుంది. సరే, నంబరు కొట్టించం, ఆ పాత ట్రైలర్ ఫ్రేము మీదనే మన ప్లైవుడ్ గూడు బిగిస్తాం అంటారా, అదీ కుదరదు. సెక్షన్ 52 కింద ఆర్సీలో ఉన్నదానికి, కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. దీనికి శిక్ష సెక్షన్ 182ఏ లో ఉంది, ఆరు నెలల దాకా జైలు గానీ ఒక్కో మార్పుకు 5000 జరిమానా గానీ, లేదా రెండూ.

ఇప్పుడు నా భయం సంగతి. మీ నాలుగో ఫోటో, హుక్ దగ్గర తీసింది, దాన్ని ఒకసారి జూమ్ చేసి చూడండి. పిన్ను ఊడిపోకుండా కింద రంధ్రంలో లాకు లేదు, బైండింగ్ వైరు రెండు చుట్లు తిప్పి మెలేసి ఉంది. పక్కన సేఫ్టీ చైను లేదు. గుత్తి నుంచి తాడిపత్రి వైపు సిమెంటు లారీలు, ఆటోలు, బైకుల మీద ముగ్గురేసి పోయేవాళ్లు, ఆ రోడ్డు మీద ఒక గుంతలో పడి ఆ వైరు తెగిందనుకోండి, విడిపోయిన ట్రైలర్‌కి బ్రేకూ లేదు స్టీరింగూ లేదు, ఎదురుగా వచ్చే బైకు మీదికే పోతుంది. ఇట్లాంటి కేసుల్లో ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందు కూర్చున్నవాళ్లను నేను చూసినాను, భర్త పోయిన ఆడమనిషి ఒకవైపు, ఇల్లు అటాచ్ అవుతుందేమోనని వణికే బండి ఓనరు ఇంకోవైపు, ఇద్దరూ బీదవాళ్లే.

అట్లా ఏదైనా జరిగితే బొలెరో ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోవద్దు. బొలెరో పాలసీ బొలెరోకి. ట్రైలర్‌ని పాలసీలో రాయించి దానికి ప్రీమియం కడితేనే దానికి కవర్ వస్తుంది, రాయించాలంటే దానికి ఆర్సీ గానీ, కొత్తదైతే కంపెనీ కాగితాలు గానీ ఉండాల, మీ దానికి రెండూ లేవు కాబట్టి పాలసీ లేదు, అక్కడికి వచ్చి ఆగిపోతుంది అంతా. 2014లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది, టెంపరరీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోయిన బండి ప్రమాదంలో దెబ్బతింటే ఓనరు ఇన్సూరెన్సు అడిగినాడు, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కడం పాలసీ షరతుకు మూలంలోనే విరుద్ధమని చెప్పి కోర్టు ఆయన క్లెయిము ఒప్పుకోలేదు. గడువు తీరిన బండికే అట్లా అయితే అసలు ఆర్సీయే లేని ట్రైలర్ గురించి ఇన్సూరెన్సు కంపెనీ లాయరు ఏం వాదిస్తాడో మీరే ఆలోచించండి. ఒకవేళ ట్రిబ్యునల్ కంపెనీతో ముందు కట్టించినా, తర్వాత ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకోమని ఆర్డరిస్తుంది. మనిషి ప్రాణం పోయిన కేసులో ఆయన వయసు, సంపాదన, ఆయన మీద ఆధారపడినవాళ్లు, ఇవన్నీ లెక్కేసి ఇచ్చే పరిహారం లక్షల్లో ఉంటుంది, దానికి చట్టంలో పైహద్దు లేదు. ఇది కాక నిర్లక్ష్యంతో ప్రాణం పోయినందుకు భారతీయ న్యాయ సంహిత 106 కింద క్రిమినల్ కేసు వేరే, అందులో ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. వీటి ముందు మీ చలానా ఏపాటిది.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ ఫోటోలో మీ పిల్లోళ్లు లోపల పరుపు మీద కూర్చుని కిటికీలోంచి చేయి ఊపుతున్నారు. ఆగి ఉన్నప్పుడు తీసిందే అనుకుంటున్నా. బండి కదిలేటప్పుడు లోపల ఎవ్వర్నీ ఉంచొద్దు, అది పడుకోవడానికి చేసింది, ప్రయాణానికి కాదు, సీటూ లేదు బెల్టూ లేదు. ట్రైలర్‌లో ఎక్కినవాళ్లకు ఇన్సూరెన్సు వర్తించదనే వాదన మనవైపు ట్రాక్టర్ కేసుల్లో రోజూ వినపడేదే, 2004లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన కేసులోనే, కూరగాయలతో పాటు ట్రాక్టర్ ట్రైలర్‌లో ఎక్కి పోతా చనిపోయిన మనిషి విషయంలో ఇన్సూరెన్సు కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అట్లాగే గ్యాస్ స్టవ్ లోపల పెట్టి తలుపేసుకోవద్దు, అంత చిన్న ప్లైవుడ్ గూట్లో గాలి ఆడక ప్రాణం మీదికొస్తుంది, ఈ డిజైన్‌లో వంటగట్టు వెనక బయటికి పెట్టింది అందుకు కూడా పనికొస్తుంది, దాన్ని అట్లానే వాడండి.

మరి ఇప్పుడేం చేయాలంటే, నేనైతే ముందు చలానా కట్టేస్తాను, దాని మీద కోర్టుకు పోయి వాదించడానికి ఏమీ లేదు. సెక్షన్ 192 లో మొదటిసారికి 2000 నుంచి 5000 దాకా జరిమానా, రెండోసారి దొరికితే 5000 నుంచి 10000 జరిమానా గానీ ఏడాది దాకా జైలు గానీ, లేదా రెండూ. ఇన్సూరెన్సు లేనందుకు 196 వేరేగా ఉంది. సీజ్ చేస్తామని వాళ్లు ఊరికే బెదిరించలేదు, రిజిస్ట్రేషన్ లేని బండిని ఆపి పెట్టుకునే అధికారం సెక్షన్ 207 ఇస్తుంది, స్టేషన్ ఆవరణలో ఒక వానాకాలం ఎండకూ వానకూ ఉంటే మీ ప్లైవుడ్ ఏమవుతుందో నాకంటే మీ నాయనకు బాగా తెలుసు.

తర్వాత ట్రైలర్‌ని చక్రాల మీద లాగకుండా వాడుకునే దారి ఒకటుంది, నాకు ఇదే బాగా నచ్చింది. మీ ఊర్లో చీనీ తోట ఉందన్నారు కదా, డీసీఎం ఒకటి మాట్లాడుకుని, ట్రైలర్‌ని పైకెక్కించి తాళ్లతో గట్టిగా కట్టి, సరుకు మాదిరి తోటకు చేర్చండి. లారీ మీద పోయేది సరుకు, రోడ్డు మీద లాగేది వాహనం, ఈ తేడా చట్టంలో చాలా పెద్దది. తోటలో దించి, చక్రాల కింద ఇటుకలు పెట్టి నిలబెట్టుకుంటే అది మీ సొంత స్థలంలో ఉన్న చిన్న గది లాంటిది, ఆర్సీ అడిగేవాళ్లుండరు. పండగలకు పిల్లోళ్లను తీసుకుపోయి అక్కడ పడుకోండి.

లేదు, గండికోటకు పోవాల్సిందే, బొలెరో వెనకే పోవాల అని పట్టుదలగా ఉంటే, కింద ఉన్న ఫ్రేమును వదిలేసుకోవాల. ఆ జీపు ఇరుసు, వెల్డింగ్ ఫ్రేము రోడ్డుకు ఎప్పటికీ పనికిరావు. డిజైన్ అప్రూవల్ ఉన్న చిన్న ట్రైలర్ కంపెనీ దగ్గర కొనండి, ఫారం 21, 22 వాళ్లిస్తారు, ఇన్సూరెన్సు తీసుకుని దాన్ని మీ పేరున రిజిస్ట్రేషన్ చేయించండి. ఇక్కడ ఒక జాగ్రత్త, అప్రూవల్ డ్రాయింగ్‌లో అది ఖాళీ తొట్టి ట్రైలరా, మూసిన బాడీ ఉన్నదా చూసుకోవాల, ఖాళీదానికి అప్రూవల్ తీసుకుని మీ గూడు బోల్టులతో శాశ్వతంగా బిగిస్తే మళ్లీ సెక్షన్ 52 దగ్గరికే వస్తాం. అందుకని డబ్బులు కట్టకముందే ఆ డ్రాయింగ్, మీ గూడు కొలతలు, బరువు రాసిన కాగితం తీసుకుని ఆర్టీఏ ఆఫీసులో చూపించి, దీన్ని ఈ రూపంలో రిజిస్టర్ చేస్తారా అని రాతపూర్వకంగా అడగండి. బరువు ఊహించి రాయొద్దు, వేబ్రిడ్జి మీద తూయించండి, పక్కలకు వాడిన 18 ఎంఎం ప్లై ఒక్క ఎనిమిది బై నాలుగు షీటే సుమారు 30 కేజీల పైన ఉంటుంది. బొలెరోకి బయట షాపులో పెట్టించిన హుక్ గురించి కూడా అక్కడే అడగండి, అదీ బండిలో మార్పు కిందికే వస్తుందని రేపు ఎవరైనా అనొచ్చు.

గండికోట పోయినా కోట లోపల పాత కట్టడాల పక్కన మకాం పెట్టొద్దు, అవి రక్షిత కట్టడాలు, క్యాంపింగ్‌కి అనుమతి ఉన్న చోటే ఆపుకోండి. అట్నుంచి లంకమల వైపు పోదామనుకుంటే అది అభయారణ్యం, అటవీ శాఖ పర్మిషన్ లేకుండా లోపల రాత్రి ఉండకూడదు.

కంపెనీవాళ్లు ఏ డ్రాయింగ్ పంపినా అడ్వాన్సు కట్టకముందే నాకు పంపండి, చదివి చెప్తా, ఫీజేమీ వద్దు. ఆ బైండింగ్ వైరు మాత్రం ఈ రోజే తీసేయండి, ట్రైలర్‌ని ఇంటి ముందర నుంచి వీధి చివరి దాకా జరపాలన్నా సరే.