ఫస్ట్ 40.7 కొనే ముందు కీల్ చూపించండి

అన్నా, ఉరవకొండ నుంచి మీరు రాసిన ప్రశ్న చదివాను. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ అబ్బాయి స్నేహితులతో కలిసి సెకండ్ హ్యాండ్‌లో బెనెటో కంపెనీ ఫస్ట్ 40.7 అనే తెరచాప పడవ కొంటానంటున్నాడు. అది 'పర్ఫార్మెన్స్ క్రూయిజర్ రేసర్', అంటే షికారుకూ రేసుకూ పనికొచ్చే పడవ అని విని, రేసు పడవలో మనవళ్లను ఎక్కిస్తారా అని మీకు టెన్షన్ పట్టుకుంది. నాది అనంతపురమే. సిడ్నీలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ తరగతి పడవల మీద వారాంతపు రేసులకు వెళ్లేవాణ్ణి, ఇంటివాళ్లతో తీరం వెంట షికారుకూ తిరిగాను. పిల్లల్ని ఎక్కించొచ్చు. కానీ కొనకముందే ఆ పడవ కీల్‌ను, అంటే అడుగున నీటిలోకి దిగి ఉండే బరువైన రెక్కను, తెలిసినవాళ్లకు చూపించాలి.

ఈ పడవను డిజైన్ చేసింది ఫార్ అనే పడవల డిజైన్ సంస్థ. పొడవు దాదాపు 12 మీటర్లు, బరువు 7 టన్నుల దాకా ఉంటుంది. లోపల మూడు పడకగదులు, వంటపొయ్యి, టాయ్‌లెట్ ఉంటాయి. ఇన్ని ఉన్నా, 628 నాటికల్ మైళ్ల సిడ్నీ-హోబార్ట్ రేసును 2003లో హ్యాండిక్యాప్ లెక్కలో (పడవ సామర్థ్యాన్ని బట్టి సమయాన్ని సరిచేసి చూసే లెక్క) గెలిచింది ఈ మోడల్ పడవే. కుటుంబం పడుకునే పడవ రేసు కూడా గెలవాలంటే ఒళ్లు తేలికగా ఉండాలి, తెరచాప పెద్దదిగా ఉండాలి. ఆ రెండూ కలిస్తే గాలికి పడవ పక్కకు ఒరిగిపోతుంది. దాన్ని నిలబెట్టేది కీల్.

మీ ఊరి చుట్టూ గాలిమరలు చూస్తూనే ఉంటారు. తెరచాపా ఆ రెక్కలాగే పనిచేస్తుంది. గాలి దాని వంపు మీదుగా పోతూ దాన్ని లాగుతుంది. అందుకే ఇలాంటి పడవ గాలి వచ్చే దిక్కుకు 40, 45 డిగ్రీల కోణంలో కూడా ముందుకు పోగలదు. అయితే ఆ లాగుడులో ఎక్కువ భాగం పక్కకే. నీటి కింద నిలువుగా దిగిన ఇరుకైన కీల్ పడవ పక్కకు జారకుండా ఆపుతుంది, దాని బరువు పడవను తిరిగి లేపుతుంది. కీల్ ఎక్కువ లోతుకు దిగే రకం ఫస్ట్ 40.7లో అది దాదాపు 2.4 మీటర్ల లోతుకు దిగుతుంది. పడవ మొదటిసారి 20 డిగ్రీలు ఒరిగినప్పుడు మా ఆవిడ నా చేయి వదల్లేదు. ఒరిగేకొద్దీ కీల్ ఇంకా గట్టిగా లేపుతుందని చెప్పాక కుదుటపడింది.

ఇక అసలు సంగతి. అంత బరువున్న కీల్, ఇంత సన్నటి మెడతో, బోల్టుల మీద వేలాడుతుంటుంది. 2014 మేలో చీకీ రఫీకీ అనే ఫస్ట్ 40.7 అట్లాంటిక్‌లో కీల్ ఊడి బోల్తాపడింది. అందులో ఉన్న నలుగురూ దక్కలేదు. పడవ అడుగు అంతకుముందు నీటి కింది నేలకు తగలడం, ఆ తర్వాత జరిగిన మరమ్మతులు కీల్ పట్టును బలహీనపరిచి ఉండొచ్చని బ్రిటన్ దర్యాప్తు నివేదిక చెప్పింది. పడవ అడుగుకు బలమిచ్చే లోపలి ఫైబర్ చట్రం జిగురుతోనే అతికి ఉంటుంది. అది విడిపోయినా పైకి కనిపించకపోవచ్చు. ఈ మాట చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదన్నా, దాచి మంచిమాటలు చెప్పడం నాకు చేతకాదు. ఈ మోడల్ పడవలు ఎన్నో ఏళ్లుగా సముద్రంలో తిరుగుతున్నాయి. మీ అబ్బాయి పడవను నీళ్లలోంచి పైకి తీయించి, పడవలను పరీక్షించే స్వతంత్ర సర్వేయర్‌తో బోల్టులు, చట్రం పరీక్ష చేయించాలి. ఎప్పుడైనా నేలకు తగిలిందా అని అమ్మేవాణ్ణి నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగాలి. ధర తగ్గిస్తానని చెప్పి సర్వే వద్దనే మనిషి దగ్గర కొనొద్దు.

వేగం మీద మరీ ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పండి. నీటిమట్టం దగ్గర పొడవు 35 అడుగులు అనుకుంటే, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే దాదాపు 8 నాట్లు, అంటే గంటకు 15 కిలోమీటర్లలోపే. మామూలుగా ఆ చుట్టుపక్కలే ఆగుతుంది.

మనుషుల విషయం. రేసులో మేం ఆరేడుగురం గాలి వచ్చే వైపు అంచున కూర్చునేవాళ్లం, మా బరువూ లెక్కలోదే. కుటుంబంతో ఇద్దరే నడిపిస్తుంటే ఆ బరువు ఉండదు కాబట్టి, గాలి పెరగకముందే తెరచాప కొంత దించి కట్టేయాలి. ఆలస్యమైతే పడవ బాగా ఒరిగి చుక్కానికి పట్టు చాలక గాలివైపు తిరిగిపోతుంది. మెయిన్ తెరచాప తాడు అటూ ఇటూ జరిగే పట్టాలాంటి దారి కూడా మనుషులు కూర్చునే చోటే ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు ఆ తాడు విసురుగా జరుగుతుంది, పిల్లల వేళ్లు నలుగుతాయి. వాళ్లను ఆ దరిదాపుల్లో కూర్చోబెట్టొద్దని, ఒంటి బరువుకు సరిపోయే లైఫ్‌జాకెట్ వేయకుండా పైకి రానివ్వొద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.