హౌస్ సర్జన్లకు లీడర్‌షిప్ క్లాసు చెప్పబోతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

లీడర్‌షిప్ క్లాసులు నీకు అప్పగించారని, స్లైడ్లు ఎన్ని పెట్టాలో తేలక టెన్షన్ పడుతున్నానని ఫోన్లో అన్నావు. స్లైడ్లు పక్కన పెట్టమ్మా. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ కొత్త సిలబస్‌లోనే ఉంది కదా, డాక్టరంటే టీమ్‌కి లీడరూ, అదే టీమ్‌లో సభ్యుడూ అని. మొదటి ముక్క అందరికీ గుర్తుంటుంది, రెండోదే మనవాళ్లు మింగేస్తారు. నువ్వు ఆ రెండోది నేర్పు.

నాకు అది ఎలా తెలిసొచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదు. వయసులో ఉండగా నేను చేసిన ఒక ఆసుపత్రిలో, మధ్యాహ్నం రెండు దాటింది, నాలుగో కేసు. పొట్ట కుట్లు మొదలుపెట్టాను. సిస్టర్ మెల్లగా "సార్, మాప్ ఒకటి తక్కువొస్తోంది" అంది. మాప్ అంటే ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డ. తలెత్తకుండానే "లెక్కపెట్టడం కూడా నేనే నేర్పాలా?" అన్నాను. ఎవరూ కిక్కురుమనలేదు. ఆవిడ బకెట్ మీదకి వంగి మళ్లీ లెక్కపెట్టి, "సరిపోయాయి సార్" అంది. తొమ్మిదో రోజు పేషెంట్ జ్వరంతో తిరిగొచ్చాడు. తెరిస్తే మాప్ పేగుల మధ్యే ఉంది. ఆవిడకి లెక్క రాక కాదు, నా నోటికి జడిసి అలా అంది. ఎంక్వైరీలో మాటలు పడిందీ ఆవిడే. నేను నోరు విప్పలేదు. ఈ సంగతి పిల్లలకి చెప్పు, నా పేరు పెట్టే చెప్పు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. కోత పెట్టేముందు థియేటర్‌లో అందరూ తమ పేరూ, పనీ చెప్పుకోవాలన్నది అందులో ఒకటి. చాలాచోట్ల ఉత్తినే టిక్కు పెట్టేస్తారు. పేరు పెట్టి పిలిచే మనిషికి తప్పు చెప్పడం కాస్త తేలిక. మొదటి క్లాసులో అడుగు, మీ వార్డులో స్ట్రెచర్ తోసే అతని పేరేంటని. బిక్కమొహాలు చూస్తావు. 2020 మే 7న తెల్లవారుజామున విషవాయువు లీకై, వెంకటాపురం జనాన్ని మన విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తెచ్చారు కదా. అలాంటి వేళ స్ట్రెచర్ మనిషి లేకపోతే మన డిగ్రీలు దేనికి? ఆ రోజు డ్యూటీ చేసిన వార్డు సిబ్బందిలో ఒకరిని క్లాసుకి పిలిచి మాట్లాడించు. వాళ్లకి కుర్చీ వేయించడం మర్చిపోకు.

ఒక రోజు పిల్లల్ని బీచ్‌రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరికి తీసుకెళ్లు. ఏమైంది, ముందేం జరిగింది, నా అంచనా ఏంటి, ఏం చెయ్యాలి అని నాలుగు ముక్కల్లో చెప్పే ఎస్‌బార్ పద్ధతి అమెరికా నౌకాదళం అణు సబ్‌మెరైన్ల నుంచే ఆసుపత్రులకి వచ్చింది. ఆ ఇరుకు చూశాక, నాలుగు ముక్కల్లో ఎందుకు చెప్పాలో వేరే వివరించక్కర్లేదు. అక్కడే ఇలా అనిపించు: "సార్, పన్నెండో బెడ్‌కి బీపీ 80కి పడింది. నిన్న స్ప్లీన్ తీశాం. లోపల బ్లీడింగ్ అనుకుంటున్నాను. మీరు రావాలి." మొదటి మూడూ గడగడా చెప్పేస్తారు. నాలుగోదాని దగ్గరే మన పిల్లలు నసుగుతారు, "ఒకసారి చూస్తారేమోనని సార్..." అంటూ. "మీరు రావాలి" అని గట్టిగా అనేదాకా వదలకు.

అర్ధరాత్రి నీకే ఆ ఫోనొస్తే మాత్రం విసుక్కోకు. ఒక్కసారి విసుక్కుంటే నువ్వు చెప్పిన పది క్లాసులూ గంగలో కలిసినట్టే.

మొదటి క్లాసు ఎప్పుడో కబురు చెయ్యి. వెనక బెంచీలో కూర్చుంటాను. మధ్యలో మాట్లాడనని మాత్రం మాటివ్వలేను.

ఇట్లు,
మీ పాత సార్